పరమత చరిత్ర విమర్శ – పాఠకుల తీర్పు

ఇస్లాము మతచరిత్రను విమర్శించు గ్రంథ మొకటి వెలువడినప్పుడెల్ల మన దేశమున ఒకే తంతు జరుగుచున్నది. గ్రంథము అంగడికి వచ్చుటకు ముందే అభిప్రాయములు వీధికెక్కుచున్నవి. చదివినవారు వ్రేళ్ల మీద లెక్కింపదగినంతమంది యుండగా, తీర్పు చెప్పువారు ఊరూరను గలరు. ఆ గ్రంథమును వెంటనే నిషేధింపవలెనని ఒకరందురు. అందలి ప్రత్యక్షరమును సత్యమేయని మఱియొకరందురు. పరుల మతముతో మనకేమి పని, ఊరకుండుట మేలని ఇంకొకరందురు. ఈ మూడు తీర్పులకును గ్రంథమును విప్పవలసిన పనిలేదు. కావుననే అవి మిక్కిలి సులభములు. సులభములు గనుకనే ప్రబలములు.

ఈ మూటిలో నేదియు విజ్ఞులైన పాఠకులకు తగినది కాదని మా యభిప్రాయము. విమర్శక చరిత్రను చదువుటకు ఒక పద్ధతి కలదు. ఆ పద్ధతి తెలిసినవానికి గ్రంథమువలన జ్ఞానము కలుగును. తెలియనివానికి ద్వేషమో భయమో కలుగును. తప్పు గ్రంథకర్తలయందే కలదని తలంచుట మనకు వాడుకయైనది. పాఠకునియందును సగపాలు బాధ్యత కలదని చెప్పుటకే ఈ వ్యాసము నుద్దేశించితిమి.

ఢిల్లీ నుండియు, లాహోరు నుండియు ఈ ప్రశ్నను చూచినవారు పెక్కుమంది గలరు. మేము దీనిని తాడ్వాయి నుండి చూడగోరుచున్నాము. తాడ్వాయి యనగా మేడారము జాతర జరుగు ములుగు సీమలోని తాడ్వాయి కాదు. కామారెడ్డి, యెల్లారెడ్డి ప్రాంతమందలి తాడ్వాయి. పూర్వము ఇందూరను పేరుగల నిజామాబాదు జిల్లాలో చేరియుండి, 2016వ సంవత్సరమున కామారెడ్డి జిల్లా యేర్పడినపు డందు చేరినది. ఇట్టి యూళ్లలో ఇస్లాము చరిత్ర యనునది అరేబియా యెడారికి సంబంధించిన దూరపు కథ కాదు. ఈ సీమను బహమనీలు, కుతుబ్ షాహీలు, మొగలులు, అసఫ్ జాహీలు వరుసగా నేలిరి. రైతు, పట్టా, పహాణీ, జమాబంది, దస్తావేజు, వకీలు, జిల్లా, తాలూకా యను మాటలు ఆ చరిత్ర మన నోట విడిచిన జాడలు. మన భూమి మనదని చెప్పు కాగితమునకు గూడ ఆ చరిత్రయే పేరు పెట్టినది. పీర్ల పండుగనాడు తెలంగాణపు పల్లెలలో అలావా గుండము చుట్టును ఆడువారిలోను, పీరీల నెత్తుకొనువారిలోను హిందువు లెందఱో కలరు. వర్ని ప్రాంతమందలి బడాపహాడు దర్గాకు ఉభయ మతములవారును మ్రొక్కుబడులు చెల్లించుచున్నారు. అచ్చట సమాధియందున్న మహనీయుడు శిస్తు వసూలు చేయు ఉద్యోగియై యుండి, కఱవు కాలమున రైతుల పక్షము వహించెనని జనులు చెప్పుకొందురు.

అదే సీమ రజాకార్ల దినములను గూడ చూచినది. నిజాము ప్రభుత్వము తన వ్యతిరేకులను బంధించిన చెఱసాలలలో నిజామాబాదు కోట యొకటి. దాశరథి కృష్ణమాచార్యులు అచ్చటనే బందీయై, బొగ్గుతో గోడలమీద కవిత్వము వ్రాసెననుట తెలుగువారందఱు నెఱిగిన విషయము. పీర్ల పండుగ జ్ఞాపకమును, రజాకార్ల జ్ఞాపకమును ఒకే యూరి మనస్సులో నివసించుచున్నవి. ఇస్లామును విమర్శించు చరిత్ర ఇట్టి యూరికి వచ్చినప్పుడు ఏ జ్ఞాపకమును మేల్కొల్పును? ఆ గ్రంథమందలి యొక వాక్యము ఎవరి యింటి గడపమీద పడును? అసలు ప్రశ్న యిదియే.

ముందుగా విమర్శక చరిత్ర యన నేమో నిర్ణయించుకొందము. మతమును గూర్చిన గ్రంథములు మూడు తెఱగులు. భక్తుడు వ్రాయునది యొకటి. చరిత్రకారుడు వ్రాయునది యొకటి. పగవాడు వ్రాయునది యొకటి. మొదటిది విశ్వాసమును, రెండవది సత్యమును, మూడవది అవమానమును కోరును. చిక్కేమనగా రెండవదియు మూడవదియు ఒకే అట్టతో, ఒకే పేరుతో వచ్చుచుండును. వానిని వేఱు చేయుట పాఠకుని మొదటి పని.

ఇందుకు మన దేశమున జరిగిన ప్రసిద్ధోదాహరణమొకటి కలదు. ఈస్టిండియా కంపెనీ కొలువున నుండిన విలియం మ్యూరు అను స్కాట్లండు దేశీయుడు 1858 మొదలు 1861 వఱకు నాలుగు సంపుటములుగా మహమ్మదు ప్రవక్త జీవితచరిత్రమును ప్రకటించెను. అతడు అరబ్బీ మూలములను చదివినవాడు, శ్రమకోర్చినవాడు. అయినను క్రైస్తవ మతబోధకుల ప్రోత్సాహమున ఆ పనికి పూనుకొన్నవాడు. ఆ గ్రంథము ముసల్మానుల మనస్సులను గాయపఱచినది. గాయపడినవారిలో సర్ సయ్యద్ అహమ్మదు ఖాను ఒకడు. ఆయన గ్రంథమును తగులబెట్టుడని కేకలు వేయలేదు. 1869లో ఇంగ్లండునకు వెళ్లి, అచ్చటి గ్రంథాలయములలో కూర్చుండి, మ్యూరు ఆధారముగా గొన్న కథనములలో నేవి నమ్మదగినవో, ఏవి కావో విచారించి, 1870లో ప్రతివ్యాసములను ఆంగ్లమున ప్రకటించెను. ఆ ప్రయత్నమునకై తన యింటిని, గ్రంథములను కుదువపెట్టవలసివచ్చెనని ఆయన చరిత్రకారులు వ్రాసియున్నారు. తరువాతి తరమున షిబ్లీ నూమానీ అదే మార్గమున ప్రవక్త చరిత్రమును ఉర్దూలో వ్రాయ నారంభించెను. 1914లో ఆయన మరణింపగా, శిష్యుడు సులేమాను నద్వీ దానిని సాగించెను. ఈ షిబ్లీ 1901 మొదలు 1905 వఱకు మన హైదరాబాదునందే నిజాము ప్రభుత్వ విద్యాశాఖలో పనిచేసినవాడు.

ఇందువలన మనకు తెలియునదేమి? కఠినమైన విమర్శక గ్రంథమొకటి రాగా, దానికి ప్రతిగా మఱింత గొప్ప గ్రంథములు పుట్టినవి. మ్యూరు వ్రాయకుండినచో సర్ సయ్యద్ ఆ పరిశోధన చేసియుండడేమో. ప్రత్యర్థి యడిగిన ప్రశ్న ఒక సమాజమునకు తన మూలములను తాను చదువుకొను అవకాశము నిచ్చినది. విమర్శవలన మతము చచ్చునను భయము నిరాధారమని ఇందే తేలుచున్నది.

ఇక మూడవ తెఱగు గ్రంథమున కుదాహరణము. 1924లో లాహోరున ప్రవక్త గృహజీవితమును పరిహసించు కరపత్రమొకటి గ్రంథకర్త పేరు లేకుండ వెలువడెను. ‘రంగీలా రసూల్’ అని దాని పేరు. ఆ సంవత్సరముననే గాంధీమహాత్ముడు ‘యంగ్ ఇండియా’ పత్రికలో దానిని ఖండించెను. ప్రకాశకుడైన రాజపాల్ పై అభియోగము నడచెను. క్రింది న్యాయస్థానము శిక్షించినను, 1927 మే నెలలో లాహోరు హైకోర్టు న్యాయమూర్తి దలీప్ సింగు అతనిని విడుదల చేసెను. ఆ వ్రాత ద్వేషపూరితమైనదేయని న్యాయమూర్తి యంగీకరించెను. కాని గతించిన మతనాయకుని పరిహసించుట నాటి శిక్షాస్మృతిలోని 153ఎ సెక్షనుక్రిందికి రాదని తీర్పు చెప్పెను. దేశమంతట అలజడి చెలరేగెను. ఆ సంవత్సరముననే 295ఎ అను క్రొత్త సెక్షను పుట్టినది. 1929 ఏప్రిలులో రాజపాల్ తన దుకాణమునందే హత్య గావింపబడెను. ఆతని చంపిన ఇల్ముద్దీను అను యువకుడు అదే సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ఉరిదీయబడెను. ఒక కరపత్రము, రెండు ప్రాణములు. ఆ కరపత్రమువలన ఇస్లాము చరిత్రకు చేరిన క్రొత్త సత్యమొక్కటియు లేదు. ఆ హత్యవలన ఇస్లామునకు చేరిన గౌరవమొక్కటియు లేదు.

ఈ సెక్షను చరిత్రలో మన పాఠకులు గమనింపదగిన విశేషమొకటి కలదు. కేంద్ర శాసనసభలో చర్చ జరిగినపుడు, చరిత్ర వ్రాయువారును, సత్యాన్వేషణము చేయువారును, సద్భావముతో మతమును విమర్శించువారును ఈ శాసనమువలన బాధింపబడరాదని జిన్నా వాదించెను. కావుననే ‘బుద్ధిపూర్వకమును ద్వేషపూరితమును నగు’ అవమానమే నేరమను మాటలు అందు చేర్పబడినవి. 1957లో భారత సుప్రీంకోర్టు రాంజీలాల్ మోదీ వ్యాజ్యెమున ఈ సెక్షను రాజ్యాంగసమ్మతమేయని తీర్పు చెప్పుచు, తెలియక చేసిన ప్రతి యవమానమును దీనిక్రిందికి రాదని స్పష్టపఱచెను. 2024 జులై 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదియే 299వ సెక్షనుగా నున్నది. గ్రంథమును జప్తు చేయు అధికారము ప్రభుత్వమునకు వేఱుగ కలదు; ఆ యాజ్ఞను హైకోర్టులో ప్రశ్నించు హక్కు పౌరునకు కలదు. కావున విమర్శకును అవమానమునకును నడుమ గీత గీయుట మేము నేడు కల్పించిన సంగతి కాదు. దాదాపు నూఱేండ్ల నుండి శాసనమునందే యున్నది. అయితే శాసనము గీసిన గీత మోటది. సూక్ష్మమైన గీతను చదువరి తన మనస్సున తానే గీసికొనవలెను.

ఇప్పుడు పైని చెప్పిన మూడు తీర్పులను విచారింతము.

నిషేధమును కోరువారి బాధ మాకు తెలియకపోలేదు. తల్లిని తిట్టినచో నొవ్వని బిడ్డ యుండడు; భక్తునకు ప్రవక్త తల్లికంటె నెక్కువ. కాని గ్రంథమును నిషేధించుటకు శాసనమును కోరుట వేఱు, చేయి యెత్తుట వేఱు. 2007 ఆగస్టు 9వ తేదీన హైదరాబాదు ప్రెస్ క్లబ్బులో బంగ్లాదేశపు రచయిత్రి తస్లీమా నస్రీను గ్రంథమునకు తెలుగు అనువాదము ఆవిష్కరింపబడుచుండగా, శాసనసభ్యులు గూడ నున్న గుంపు సభలో చొరబడి ఆమెమీద దాడి చేసెను. శాసనములు చేయవలసినవారు చేతిలోని పూలకుండీలను, కుర్చీలను వాదములుగా నుపయోగించుట తెలుగు రాజధానికి తలవంపు. ఆ దాడివలన ఆమె వ్రాతలను చదువనివారు గూడ ఆమె పేరును వినిరి. నిషేధమునకును దౌర్జన్యమునకును సామాన్యముగా కలుగు ఫలమిదియే: గ్రంథమునకు లేని గౌరవమును గ్రంథకర్తకు లేని కీర్తిని తెచ్చిపెట్టుట.

ఇంకొక పాఠమును మనము మఱువరాదు. కలమును కత్తితో నెదుర్కొనువారు పరమతస్థులనే కాక స్వమతస్థులను గూడ విడువరు. ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికాసంపాదకుడు షోయబుల్లా ఖాను రజాకార్ల దౌర్జన్యములను ఖండించి, హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరవలెనని వ్రాసెను. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి ఆతనిని హైదరాబాదు వీధిలో చంపిరి. వ్రాసిన చేయిని నఱికిరి. ఆతడు ముసల్మానుడు. వ్రాతను ఓర్వలేని గుణమునకు మతము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఇక రెండవ తీర్పు. అందలి ప్రత్యక్షరమును సత్యమే యనువారు మొదటివారి కవలలు. వారు చదువక ద్వేషింతురు. వీరు చదువక నమ్ముదురు. వీరికి గ్రంథముతో పనిలేదు. తమ మనస్సున ముందే యున్న మాటకు అచ్చుముద్ర కావలెను. ఇట్టివారితో మేము తెలుగు దేశపు చరిత్రనే ముందుంచుకొని మాటాడగోరుదుము.

1323లో ఓరుగల్లు పతనమైనది. స్వయంభూ దేవాలయము ధ్వంసమైనది. ఆ పిమ్మటి తురుష్క పాలనమున బ్రాహ్మణులును, కృషీవలులును పడిన యిడుములను గోదావరి మండలమందలి విలస గ్రామమున దొరకిన ప్రోలయనాయకుని తామ్రశాసనము వర్ణించుచున్నది. ఇది సత్యము, దీనిని దాచవలెననువాడు చరిత్రకు ద్రోహి. కాని పుట త్రిప్పుడు. గోలకొండ నేలిన ఇబ్రహీము కుతుబ్ షా యౌవనమున అన్నకు వెఱచి విజయనగరమున అళియ రామరాయని ఆశ్రయమున ఏడేండ్లు గడపినవాడు. తెలుగు కవులచేత మల్కిభరాముడని పొగడ్త పొందినవాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. ఆ రాజ్యపు టధికారియైన అమీనుఖానునకు పొన్నగంటి తెలగనార్యుడు తొలి యచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రమును సమర్పించెను. ఆ ఇబ్రహీమే 1565లో రక్కసి తంగడి యుద్ధమున తన్నాదుకొన్న రామరాయనిమీద కత్తి పట్టిన సుల్తానులతో చేరెను. 1579లో గోలకొండ సేన అహోబిల క్షేత్రమును కొల్లగొట్టినది. ఆ సేనకు నాయకుడెవరు? మురహరిరావను బ్రాహ్మణుడు! కాగా ఇబ్రహీము తెలుగునకు మిత్రుడా, శత్రువా? అహోబిలము దోపిడి ఇస్లాము పాపమా, రాజ్యలోభపు పాపమా? ఒక్క మాటలో ఉత్తరమిచ్చువాడు చరిత్రను చదువలేదనియే చెప్పవలెను.

మఱియొక సంగతి. మధ్యయుగ చరిత్రను గూర్చి మనము వాడుకొను పారసీక గ్రంథముల యాంగ్లానువాదములు పెక్కు ఇలియట్, డౌసనుల సంపుటములనుండి వచ్చినవి. అవి 1867 మొదలు 1877 వఱకు వెలువడినవి. ముసల్మాను ప్రభువుల క్రౌర్యమును తెలిసికొన్నచో ఈ దేశస్థులు ఆంగ్ల ప్రభుత్వపు మేలును గ్రహింతురని ఇలియట్ 1849లోనే తన యుద్దేశమును దాచకుండ వ్రాసెను. అనువాదములు అసత్యములని మేమనుట లేదు. ఏరిన చేయి ఎవరిదో, ఏమేమి యేరినదో యెఱుగక తినరాదని మాత్రమే యనుచున్నాము. పరప్రభుత్వము మన యిద్దఱిని విడదీయుటకు కూర్చిన సామగ్రిని స్వరాజ్యము వచ్చిన పిమ్మట గూడ పరిశీలింపక వాడుకొనుట జాతీయత యెట్లగును?

అన్నిటికంటె కష్టమైన పరీక్ష 1948వ సంవత్సరపుది. ఆ యేడు ఆగస్టులో బైరాన్పల్లి యందు రజాకార్లును నిజాము సైన్యమును చేసిన మారణకాండ తెలంగాణ మఱువలేనిది, మఱువరానిది. సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు పోలీసుచర్య జరిగి సంస్థానము విడుదల పొందెను. ఆ విడుదలలో మా కెంతటి గర్వము కలదో వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని ఆ పిమ్మటి వారములలో జరిగినదేమి? నెహ్రూ పంపిన పండిత సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫారు మొదలగువారు జిల్లాలు తిరిగి, ఇఱువది యేడు వేలనుండి నలువది వేలమందివఱకు ప్రాణములు కోల్పోయిరని నివేదించిరి. మృతులలో అత్యధికులు ముసల్మానులు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నష్టము మిక్కుటము. మనకు పొరుగుననున్న మెదకు పేరును ఆ నివేదికలో కలదు. హిందువులు తమ ప్రాణములకు తెగించి ముసల్మాను కుటుంబములను కాపాడిన ఘటనలను గూడ ఆ నివేదికయే చెప్పుచున్నది. దశాబ్దములవఱకు అది ప్రకటింపబడలేదు. పరుల పాపములను ప్రకటింపుడని కోరు పాఠకుడు ఈ పుటను ప్రకటించుటకు గూడ అంగీకరించునా? అంగీకరించినచో అతడు చరిత్రాభిమాని. లేనిచో అతనికి కావలసినది చరిత్ర కాదు, ఆయుధము.

దీనినిబట్టి ఇస్లామును విమర్శింపరాదని యెవరైన తలంచినచో అది మా భావము కాదు. ఖలీఫాల కాలపు యుద్ధములు, దాసత్వము, జిజియా పన్ను, స్త్రీల హక్కులు, మతము విడిచినవారికి పూర్వపు న్యాయవేత్తలు విధించిన శిక్షలు – ఇవి యన్నియు చర్చింపదగినవే. చర్చింపదగినవనుటకు ముసల్మాను పండితులే వానిని చర్చించుట సాక్ష్యము. మా కోరిక యొక్కటే: పరుల యింటిని కొలిచిన మూరతోనే మన యింటిని గూడ కొలువవలెను.

ఇక మూడవ తీర్పు. ఊరకుండుట మేలనువారు సజ్జనులు. కలహభీతిచేత వారట్లందురు. కాని పొరుగువాని విశ్వాసమునుగూర్చి యేమియు తెలియకుండుటవలన స్నేహము నిలువదు. వదంతి యొక్కటి వచ్చిననాడు ఆ యజ్ఞానమే నిప్పుకు గడ్డియగును. మన పెద్దలు ఊరకుండలేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తెలుగువారికొఱకు హిందూ మహాయుగమును, మహమ్మదీయ మహాయుగమును రెంటిని వ్రాసిరి. చిలుకూరి నారాయణరావుగారు 1925లో ఖురానును తెలిగించిరి. పరమతమును గూర్చి తీర్పు చెప్పుటకు ముందు ఆ మతగ్రంథమును చదువవలెనను మర్యాదను ఒక హిందూ పండితుడు తెలుగుజాతికి నేర్పెను. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు స్వమత పురాణములనే నిశితముగ విమర్శించిరి. వారికి తెలుగుదేశమున ప్రత్యుత్తరములు గ్రంథములతోను, ఉపన్యాసములతోను వచ్చినవి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926 నుండి గోలకొండ పత్రికద్వారా నిజాము పాలనను ఎదిరించుచునే ఉర్దూ, పారసీక భాషలయందు పాండిత్యమును గడించిరి. 1949లో వెలువడిన తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రమున హిందూరాజుల కాలపు దురాచారములను గూడ దాచరైరి. నిజామును ఎదిరించి చెఱసాలకు పోయిన దాశరథియే తరువాత గాలిబు గీతములను తెలుగున పాడెను. రాజును ద్వేషించుట వేఱు, రాజు మతమును ద్వేషించుట వేఱు, ఆ మతమునకు చెందిన పొరుగువానిని ద్వేషించుట వేఱు. ఈ మూటిని కలిపివేయుటయే మన కాలపు వ్యాధి. వానిని విడదీయ నేర్చినవాడు దాశరథి.

అట్లయిన పాఠకుడు చేయవలసినదేమి? ఇది చెప్పుటకు మేము పెద్ద శాస్త్రములను తీయము. మన పాఠకులలో భూస్వాములు కలరు, వ్యవహారజ్ఞులు కలరు. పది గుంటల భూమిని కొనవలసివచ్చినను వారేమి చేయుదురు? అమ్మువాని మాటను మాత్రమే నమ్మి పైకము చేతబెట్టుదురా? పట్టా యెవరిపేర నున్నదో చూతురు. వెనుకటి పహాణీలు తీయింతురు. పాత దస్తావేజుల వరుస తెగినదేమో పరికింతురు. హద్దులవద్దకు పోయి ఆ చుట్టుపట్ల రైతుల నడుగుదురు. అమ్మువానికి ఇంత తొందర యెందుకో విచారింతురు. పది గుంటల నేలకు ఇంత జాగ్రత్త చూపువారు, కోట్లకొలది జనుల విశ్వాసమునుగూర్చి తీర్పు చెప్పునపుడు ఒక్క పుటను చూచి, ఒక్కొక్కచో చేతిఫోనులో వచ్చిన ఒక్క వాక్యమును చూచి వేలిముద్ర వేయుదురా?

కావున విమర్శక చరిత్రను చేతబట్టిన పాఠకుడు ఈ యైదు ప్రశ్నలను వేసికొనుగాక. మొదటిది: గ్రంథకర్త మూలములను చూచినాడా, పరుల మాటలను తిరిగి చెప్పుచున్నాడా? రెండవది: తన వాదమునకు విరుద్ధమైన సాక్ష్యమును గూడ చూపినాడా, దాచినాడా? మూడవది: ఆనాటి రాజుల నడవడిని ఆనాటి యితర రాజులతో పోల్చినాడా, నేటి ధర్మముతో మాత్రమే తూచినాడా? నాలుగవది: గతించినవారి కార్యములనుండి నేడు బ్రదికియున్న వారి నేరమును తీయుచున్నాడా? ఐదవది: ఆ మతమునకు చెందిన పండితుడు దీనికిచ్చిన ప్రత్యుత్తరమును నేను చదివితినా? ఈ ఐదింటిలో నాలుగవది మిక్కిలి ముఖ్యము. గజనీ మహమ్మదు చేసినపనికి తాడ్వాయిలో బట్టలు కుట్టుకొను ముసల్మాను జవాబుదారి కాడు. మురహరిరావు చేసినపనికి మన యూరి పురోహితుడును కాడు. ఈ చిన్న మాట గ్రహించినవాడు ఎంతటి కఠినమైన చరిత్రనైనను నిర్భయముగ చదువవచ్చును.

ముసల్మాను సోదరులకును ఒక మాట మనవి చేయుదుము. విమర్శింపబడుట ఒక మతమునకు అవమానము కాదు. విమర్శింపదగినంత గొప్పదనుటకు నిదర్శనము. బుద్ధునకు, శంకరునకు, క్రీస్తునకు తప్పని పరీక్ష ప్రవక్తకు తప్పునా? సర్ సయ్యద్ తీసిన దారి తెఱచియే యున్నది. తెలుగు నేర్చిన ముసల్మాను యువకులు తమ చరిత్రను తెలుగున తామే నిర్భయముగ వ్రాసినచో, పరులు వ్రాసిన చరిత్రలకు నేడున్న ప్రాబల్యము తానే తగ్గిపోవును. ఇంటివాడు దీపము వెలిగింపనిచో పొరుగువాడు చీకటిలో తాడును చూచి పామనుటలో వింత లేదు.

పాఠక మహాశయులారా! గ్రంథములను తగులబెట్టుటయు, గ్రంథములతో ఇండ్లను తగులబెట్టుటయు ఒకే నిప్పు చేయు రెండు పనులు. ఆ నిప్పును ఆర్పుటకు ప్రభుత్వము చాలదు, న్యాయస్థానము చాలదు. చదివి, తూచి, పిమ్మట నోరు విప్పు పాఠకుడు కావలెను. మీ గ్రామ గ్రంథాలయమున విమర్శక చరిత్ర యొకటి యున్నచో దాని ప్రక్కనే దాని ఖండనమును గూడ ఉంపుడు. రెంటిని చదువుడు. చదివిన పిమ్మట మీ యూరి ముసల్మాను పెద్దను పిలిచి ఆతని యభిప్రాయమును గూడ అడుగుడు. ఆతడు చెప్పునది మీకు నచ్చకపోవచ్చును, మీరు చెప్పునది ఆతనికి నచ్చకపోవచ్చును. ఎదురెదురుగ కూర్చుండి భేదింపగలవారు మఱునాడు పీర్ల పండుగలో ప్రక్కప్రక్కన నిలువగలరు. అభిప్రాయమునకు విలువ వచ్చునది అట్టి చదువుచేతనే. చరిత్ర మనుష్యులకు ఉపకరించునది అట్టి యూళ్లలోనే.